దాహం లేని బండి

మా ఊరు ఒక దాహం మీద పుట్టింది.
మోంటానా మైదానంలో, గాలి తప్ప ఇంకేదీ ఏపుగా పెరగని చోట,
స్టీమింజను ఆగి నీళ్లు తాగాలి కాబట్టి ఒక ట్యాంకు,
ట్యాంకు నిండాలి కాబట్టి ఒక పంపు,
పంపుకి కాపలా కావాలి కాబట్టి మా నాన్న హాల్‌వర్,
ఆయనకి వండిపెట్టడానికని చెప్పను గానీ, మా అమ్మ.
బండి ఆగే పదకొండు నిమిషాల్లో ఆకలేసేవాళ్ల కోసం
మిసెస్ పెట్రోవిచ్ చేసే ఆపిల్ పై.
అంతే మా వంశవృక్షం.

నాన్నకు ఇంజన్లు నెంబర్లతో తెలియవు, గుటకలతో తెలుసు.
ఫైర్‌మన్ ఎమెట్ డూగన్ టెండరెక్కి గొట్టం కిందికి లాగితే
ట్యాంకు ఒళ్లంతా ఒణికేది.
ఉప్పదేలిన మా నీళ్లకు సోడా కలిపి,
వేలితో నాలుకకు రాసుకుని చూసి,
‘తాగవే తల్లీ’ అన్నట్టు తలూపేవాడు నాన్న.

నలభై ఏడు అక్టోబరులో వచ్చిందది.
బడికి పూట సెలవిచ్చారు.
మెరూన్ రంగు ఒళ్లు, పసుపు గీత, బుల్‌డాగ్ మూతి,
నుదుటి మీద ఒంటికన్ను దీపం.
కూత లేదు, ఆంబోతు రంకె.
పొట్టలో రెండు ఇంజన్లు, ఒక్కోదానికి పన్నెండు సిలిండర్లు.
అన్నీ కలిసి ఒకే మాటను నమిలినట్టు ఒక గుర్రు.
కంపెనీ తరఫున టోపీ పెట్టుకున్నాయన మెట్టు మీద నిలబడి
‘దీనికి మాటిమాటికీ నీళ్లక్కర్లేదు’ అన్నాడు.
అందరూ చప్పట్లు కొట్టారు.
నాన్న కూడా.

ఆ తర్వాత అమ్మ ఆరేసిన దుప్పట్లు
మొదటిసారి తెల్లగానే ఇంట్లోకి వచ్చాయి.
మసి లేదు. అమ్మకు సంతోషమే.
ఆ సంతోషాన్ని నాన్న కంటబడకుండా మడతపెట్టింది.

డూగన్‌కి మాత్రం నౌకరీ మిగిలింది.
పార పోయింది, బొగ్గు పోయింది, పేరు పోలేదు.
నిప్పులేని ఫైర్‌మన్, ఎడమవైపు మెత్తటి సీటు మీద.
కానీ డీజిలు వెనకభాగంలో ఒక చిన్న బాయిలరుండేది,
పెట్టెల్లో పడుకున్నవాళ్లకు వెచ్చదనం పంపేందుకు.
చలికాలం దానికి కాసిని నీళ్లు కావాలి.
అందుకని రెండు మూడేళ్లు, మంచు మరీ ముదిరినప్పుడు,
మూడో నెంబరు మా దగ్గర ఆగింది.
ఏనుగుకు పట్టిన చేత్తో పిల్లికి పోసినట్టు
సన్నటి రబ్బరు పైపుతో పట్టేవాడు నాన్న.
‘చాల్లే హాల్‌వర్’ అనేవాడు డూగన్ కిటికీలోంచి,
అప్పుడే, ఇంకా ఏమీ పోయకముందే.

తర్వాత ఆ నీళ్లూ పెద్ద స్టేషన్లోనే నింపుకున్నారు.
ట్యాంకును పలకలు పలకలుగా అమ్మారు.
మా కోళ్లగూడు పైకప్పు అదే.
వానకు కారేది కాదు.

డెబ్బై ఒకటిలో ప్రయాణికుల బండే ఆగిపోయింది.
దాని గురించి ఏడ్చినవాళ్లెవరో నాకు తెలియదు,
అప్పటికి నేనూ కారు కొన్నాను.

మొన్న ఒక మ్యూజియంలో అలాంటిదాన్నే చూశాను.
కొత్త రంగు, లోపల చల్లటి నూనె వాసన.
నా మనవడి వయసు గైడు చాలా బాగా చెప్పాడు
హార్స్‌పవరు, చక్రాలు, వేగం, అమ్ముడైన సంఖ్య.
పక్కన, మోకాలెత్తున, ఒక ఇత్తడి మూత.
దాని గురించి ఏమీ చెప్పలేదు.
నేనూ అడగలేదు. బొటనవేలితో తుడిచాను, అంతే.

నాన్న సంగతి ఒకటి మిగిలిపోయింది.
ట్యాంకు లేదు, పంపు తుప్పు, పెన్షను చిన్నది.
అయినా రాత్రి రెండూ పదిహేడుకి
మూడో నెంబరు ఆగకుండా మా కిటికీలు అదరగొట్టి పోతుంటే
లేచి, లైటు వెయ్యకుండా, వంటింట్లోకి నడిచి
నిలబడే ఒక గ్లాసెడు నీళ్లు తాగేవాడు.
మెల్లగా.
ఆఖరి పెట్టె దాటేదాకా.